వెయ్యి గజాల మోజు

పెద్ద తుపాకీ చేతికొస్తే దూరం దానంతటదే దగ్గరికొస్తుందని యాభై దాటిన వయసులో నమ్మాను. చదువులేనివాణ్ని కాను, వ్యవసాయంలో డిగ్రీ ఉంది. నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు నడుపుతున్నాను. మిర్చికి ముడత తగిలిందని రైతు కంగారుగా వచ్చి, లేబులు మీద రాసినదానికి రెండింతలు పోస్తానంటే, "మందు ఎక్కువైతే పురుగు ఎక్కువ చావదయ్యా, చెట్టు మాడిపోద్ది" అని రోజూ చెప్పే నోరు ఇది. ఆ తెలివి గల్లాపెట్టె దగ్గరే ఆగిపోయింది. తుపాకీ దగ్గరికొచ్చేసరికి నేనూ రెండింతలు పోసే రైతునే.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా కొట్లో ఈగలు తోలుకోవడమే పని. ఆ తీరికలో ఫోన్లో ఒక వీడియో తగిలింది. ఏదో దేశంలో గడ్డి మీద బోర్లా పడుకున్న మనిషి ట్రిగ్గర్ నొక్కుతాడు. పేలుతుంది. కాసేపు ఏమీ జరగదు. అయిపోయిందిలే అనుకునే సమయానికి ఎక్కడో మైలు దూరాన వేలాడదీసిన ఇనుప పలక నుంచి "టంగ్" మని చప్పుడు తిరిగొస్తుంది. ఆ టంగ్‌కి పడిపోయాను.

అక్కణ్నుంచి తూటా సైజుల అంకెల పిచ్చి పట్టుకుంది. .308, .338 లాపువా మాగ్నమ్, .50. .50 అంటే అరంగుళం మందం గుండు, 12.7 మిల్లీమీటర్లు, బరువు నలభై గ్రాములకు పైనే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో జాన్ బ్రౌనింగ్ ఆ తూటాకి రూపం ఇచ్చింది మెషిన్‌గన్ కోసం. దాన్ని మనిషి భుజానికి ఆనించే రైఫిల్లోకి దింపి పేరు తెచ్చుకున్నవాడు అమెరికాలో టెనెసీకి చెందిన రోనీ బారెట్, అదీ 1982లో. ఇదంతా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ అప్పజెప్పేవాణ్ని. పత్తికి మందు కోసం వచ్చినవాళ్లు మర్యాదకి తలూపి, చిల్లర లెక్కపెట్టుకుని పోయేవాళ్లు. మా గుమస్తా మాత్రం తప్పించుకోలేక వినేవాడు.

ఒకరోజు 1908 లండన్ ఒలింపిక్స్ గురించి చదివాను. ఆ ఏడు వెయ్యి గజాల రైఫిల్ పోటీ పెట్టారు, బిస్లీ మైదానంలో. గెలిచింది జాషువా మిల్నర్ అనే ఐర్లండ్ ఆయన. అప్పటికే ఆయనకి అరవై దాటాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరవై దాటినవాడు గెలిచినప్పుడు నాకింకా బోలెడంత టైముంది కదా! ఆ అరవై ఏళ్లలో ఆయన ఏం చేశాడన్న ప్రశ్న మాత్రం బుర్రకి తట్టలేదు.

దీనికితోడు మా పల్నాటి సీమ గాలి. నేను పుట్టింది కారెంపూడి దగ్గర. కార్తీకంలో వీరుల ఉత్సవానికి కొణతాలు, అంటే ఆ వీరుల ఆయుధాలు, మోసుకొచ్చేవాళ్లని చూస్తూ పెరిగాను. అక్కడ ఆయుధానికి స్నానం చేయించి దండం పెడతారు. ఎనిమిది వందల ఏళ్లనాటి పల్నాటి యుద్ధం మొన్న జరిగినట్టు మాట్లాడుకునే ప్రాంతం మాది. పౌరుషం మాకు ఉగ్గుపాలతో పట్టారని మాకు మేమే చెప్పుకుంటాం. ఆ పౌరుషానికీ తుపాకీ గొట్టం బోరు సైజుకీ లంకె పెట్టుకున్నది మాత్రం నా సొంత తెలివి. మా అమ్మ చెవిన పడితే ఆవిడ పెద్దగా కేకలెయ్యలేదు. "మించాలపాడు హనుమంతుని కాల్చిన తుపాకులేరా మనకి తెలిసింది. ఇంట్లోకి తేమాక" అంది. పుల్లరి పన్ను కట్టం పొమ్మని ఎదిరించి 1922లో పోలీసు గుళ్లకి ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు పేరు ఇళ్లలో ఆడవాళ్లు ఇలా కూడా వాడతారు.

వినలేదు. తుపాకీ లేకుండానే స్కోపు కొన్నాను.

ఇరవై అయిదు రెట్లు పెద్దది చేసి చూపించే స్కోపు. దాన్ని బిగించడానికి రింగులు, దూరం కొలిచే లేజరు పరికరం, పడుకోవడానికి చాప లాంటిది. బిగించడానికి రైఫిలు ఒక్కటే తక్కువ. సాయంత్రం మేడెక్కి, స్టూలు మీద ఇసుక మూట వేసి, దాని మీద స్కోపు ఆనించి కోటప్పకొండ చూసేవాణ్ని. వారం తిరక్కుండానే మా వీధిలో ఒక్కొక్క కిటికీ మూసుకోవడం మొదలైంది. మా ఆవిడకి నీళ్ల కుళాయి దగ్గర ఎవరో ఏదో అన్నారు. చివరికి ఎదురింటి పెద్దాయన మేడెక్కి వచ్చి, "ఏం చూస్తన్నావు నాయనా, మాకూ చూపియ్యి" అన్నాడు. కొండ చూపించాను. చాలాసేపు కన్ను ఆనించి, "కొండ కదుల్తందేందయ్యా?" అన్నాడు. ఎండకి అలాగే కనపడుద్దిలే బాబాయ్ అని పంపించేశాను. ఆ స్కోపులో చూడాల్సింది ఆ కదలికేనని నాకప్పుడు తెలియదు.

తర్వాత లైసెన్సు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి కలెక్టరాఫీసు మా ఊళ్లోకే వచ్చింది కాబట్టి ఇక గుంటూరు పోయే పనిలేదని సంబరపడ్డాను. దరఖాస్తు పెట్టేముందు, ఆయుధాల ఫైళ్ల మధ్య జుట్టు నెరిసి రిటైరైన ఒక పెద్దమనిషిని కొట్టుకి పిలిచి టీ తాగించాను.

"ఎందుకు నీకు రైఫిలు?" అన్నాడు.

"దూరం కొట్టాలనండీ."

"ఎవర్ని?"

టీ గొంతుకడ్డం పడింది. "ఎవర్నీ కాదండీ, ఇనుప పలకని."

ఆయన నవ్వలేదు. అలాంటి జవాబులు చాలా విన్నట్టున్నాడు. ఓపిగ్గా చెప్పాడు. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నియమాలు. ఇరవై ఒకటి నిండాలి. పోలీసు విచారణ జరగాలి. డాక్టరు సర్టిఫికెట్టు, తుపాకీ భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్టు, ఇంట్లో దాచే చోటు గురించి హామీ. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులు మించకూడదు. .303 లాంటి సైనిక బోరులు మామూలు మనిషికి నిషిద్ధం. అందుకే మన దేశంలో పాత వేట రైఫిళ్లు ఎక్కువగా .315లో కనపడతాయి, బెంగాల్లో ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసినవి. నిషిద్ధ ఆయుధం దొరికితే ఏడేళ్లకి తక్కువ కాకుండా పద్నాలుగేళ్ల దాకా జైలు. విదేశాల నుంచి తెప్పించుకోవడం గుర్తింపు ఉన్న షూటర్లకి తప్ప కుదరదు. "మీ తాత కాలంలో అడవి పందుల కోసం పన్నెండు బోరు ఇచ్చారంటే అది పైరు కాపాడుకోవడానికి. నువ్వు .50 అని కాగితం మీద రాస్తే, వాళ్లు ముందు నిన్ను విచారిస్తారు" అన్నాడు.

నాకొక దారి కూడా చెప్పాడు. 1951లో పెట్టిన జాతీయ రైఫిల్ సంఘం ఉంది. లోక్‌సభ మొదటి స్పీకర్ మావలంకర్ దానికి తొలి అధ్యక్షుడు. రాష్ట్ర సంఘంలోనో క్లబ్బులోనో చేరి, గాలి తుపాకీతో మొదలుపెట్టి, పోటీల్లో పాయింట్లు తెచ్చుకుంటూ పోతే పెద్ద బోరు దాకా వెళ్లొచ్చు. మన దేశంలో పెద్ద బోరు పోటీ అంటే 300 మీటర్లు. అందులో గట్టి పోటీదారులు సైన్యం వాళ్లు; వాళ్లకి మధ్యప్రదేశ్‌లో మౌ అనే చోట దీనికోసమే ఒక యూనిట్ ఉంది. గాలి తుపాకీ మాట వినగానే నాకు నామోషీ అనిపించింది. పిట్టల్ని కొట్టే దానితో నేను మొదలెట్టాలా? టీ డబ్బులు దండగ అనుకున్నాను.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. లైసెన్సు వచ్చాక ఎక్కడ కాల్చాలో కూడా ముందే చూసిపెట్టుకున్నాను. దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు సున్నపురాయి క్వారీలు మీకు తెలుసు. రాయి తీసేసి వదిలేసిన గుంటలు, మూడు పక్కలా నిలువు రాతి గోడలు. ఇంతకంటే మంచి రేంజి ఉంటుందా అని, గుమస్తాని వెంటబెట్టుకుని, లేజరు పరికరం పట్టుకుని పోయి కొలిచొచ్చాను. ఆ పరికరానికి దొరికిన మొదటి పని అదే.

రాయికి తగిలిన గుండు రాయిలో దిగబడదు. పగిలి ముక్కలవుతుంది, లేదా జారి ఏ దిక్కుకి పోతుందో దేవుడికే తెలియాలి. అసలైన రేంజిలో గుండు ఆగడానికి వెనక మట్టి కట్ట ఉంటుంది, అదీ రాళ్లు ఏరేసిన మట్టి. చిన్న .22 గుండే గాల్లోకి లేస్తే కిలోమీటరున్నర దాటి పోతుంది; .50 గుండు ఆరు కిలోమీటర్లు దాటుతుంది. పల్నాడు పటం మీద ఏ దిక్కున ఆరు కిలోమీటర్ల గీత గీసినా దాని మీద ఒక పల్లె, ఒక చెరువు, నాలుగు మిర్చి చేలు, వాటిలో వంగి కాయ కోసే ఆడకూలీలు ఉంటారు. నేను కొలిచినవాటిలో వాళ్లు లేరు. క్వారీ లోపల నుంచి ఎవరూ కనపడలేదు కాబట్టి ఎవరూ లేరనుకున్నాను. ఈ ఒక్క సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మిగతావన్నీ నవ్వుకునే పిచ్చిపనులే.

నవ్వుకునే వాటిలో పెద్దది టెక్సాస్‌లో జరిగింది. మా ఆవిడ తమ్ముడు డాలస్ దగ్గర సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నాడు. మేం చూడ్డానికి వెళ్లినప్పుడు, "బావా, ఇక్కడైతే నీ సరదా తీర్చేస్తా, పద" అని ఊరి బయట పెద్ద రేంజికి తీసుకెళ్లాడు. కౌంటరు దగ్గర కాగితం నింపమన్నారు. అందులో ఏ వీసా మీద వచ్చావన్న ప్రశ్న ఉంది. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది: విజిటర్ వీసా మీద వెళ్లినా, హెచ్-1బీ మీద ఏళ్ల తరబడి ఉంటున్నా, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గాని తూటా గాని పట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉండాలి. మా బావమరిది మొహం పాలిపోయింది. అంతకుముందు స్నేహితులతో కలిసి వాడెన్ని రేంజీలు తిరిగాడో నేను అడగలేదు. ఆ రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చి, నిబంధనలు చదువుకుని, వేట లైసెన్సులు కొనుక్కుని మళ్లీ వెళ్లాం. జన్మలో కోడిని కూడా కొయ్యనివాణ్ని, డాలస్‌లో వేటగాణ్నయ్యాను.

.338 అడిగాను. అక్కడి శిక్షకుడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ముందు చిన్నదానితో మొదలుపెడదామా అన్నాడు. వద్దన్నాను. బోర్లా పడుకున్నాను. వెయ్యి గజాల అవతల పలక తెల్లగా, చిన్నగా, స్కోపులో వణుకుతూ కనపడింది. ఇంకా బాగా కనపడాలని కంటిని ముందుకి జరిపాను. ఆయన వెనక్కి, వెనక్కి అన్నాడు. కంటికీ స్కోపుకీ మధ్య ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల ఖాళీ ఉండాలట. ఆయన ఇంగ్లీషు నాకు అర్థమైంది. అయినా కన్ను తియ్యలేదు. నొక్కాను.

పలక మోగలేదు. నా నుదురు మోగింది. స్కోపు అంచు వెనక్కొచ్చి కుడి కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో కోసింది. రక్తం కంట్లోకి కారుతుంటే బావమరిది "బావా, అక్కకి ఏం చెప్పను?" అని ఒకటే గోల. శిక్షకుడికి మాత్రం ఇది మామూలే. దూది, ప్లాస్టరు పెట్టె పక్కనే సిద్ధంగా పెట్టుకున్నాడు.

అసలు పాఠం ఆ తర్వాత చెప్పాడు. .338ని పక్కనబెట్టి .22 ఇచ్చాడు. యాభై గజాల్లో కాగితం. తూటాలు తనే ఒక్కొక్కటిగా పెడతానన్నాడు. కొన్ని పేలాయి. ఒకసారి నొక్కితే "టిక్" మంది అంతే, పేలలేదు. నాకు చెప్పకుండా మందులేని ఉత్తుత్తి తూటా పెట్టాడు. పేలుడు లేదు, తన్ను లేదు, అయినా తుపాకీ మొన అంగుళం కిందికి కుంగింది, భుజం ముందుకి తోసింది, కళ్లు గట్టిగా మూసుకున్నాయి. బావమరిది అది వీడియో తీశాడు. ఆ వీడియో మా చుట్టాలందరి ఫోన్లలో ఉంది.

దెబ్బ వస్తుందని ముందే బెదిరి శరీరం తనంతట తాను చేసే పని అది. నొక్కే వేలికంటే ముందు భయం నొక్కుతుంది. చిన్న తుపాకీలో ఇది బయటపడుతుంది. పెద్ద తుపాకీలో చప్పుడూ తన్నూ కలిసి దాన్ని కప్పేస్తాయి. గుండు ఎక్కడికి పోయిందో తెలియదు, ఎందుకు పోయిందో అసలే తెలియదు. పైగా ప్రతి దెబ్బకీ భయం ఇంకాస్త ముదురుతుంది. అలా పెద్ద బోరుతో మొదలుపెట్టినవాడు మొదటి రోజు నుంచే తప్పుని సాధన చేస్తాడు.

లెక్క కూడా చెప్పాడు, నేనే అడిగి చెప్పించుకున్నాను. భుజం నుంచి మొనకి మీటరు దూరం అనుకుంటే, మొన ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే వెయ్యి గజాల దగ్గర గుండు తొంభై సెంటీమీటర్లు పక్కకి పోతుంది. నాది అంగుళం కుంగింది. అంటే ఇరవై మీటర్ల పైచిలుకు. వేలు సరిగ్గా పనిచేసినా ఇంకా రెండు పేచీలున్నాయి. .308 గుండు వెయ్యి గజాలు చేరడానికి సెకనున్నర దాటుతుంది. ఆ లోపు అది దాదాపు పది మీటర్లు కిందికి జారుతుంది. అడ్డంగా గంటకి పదహారు కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే రెండున్నర మీటర్ల దాకా పక్కకి కొట్టుకుపోతుంది. జారడం పట్టికలో దొరుకుతుంది, స్కోపు మీద మరలు తిప్పి సర్దుకోవచ్చు. గాలికి పట్టిక లేదు. .338 అయితే గాలికి కాస్త తక్కువ కొట్టుకుపోతుంది, అంతే. గాలి చూడటం రానివాడికి అదేమీ నేర్పదు.

ఇంటికొచ్చాక వచ్చిన వేసవిలో స్కోపు పట్టుకుని రెంటచింతల వైపు వెళ్లాను. రెంటచింతల ఎండ రాష్ట్రమంతా పేరుపడ్డదే. రోడ్డు పక్కన చెట్టుకింద స్కోపు ఆనించి దూరంగా ఉన్న కరెంటు స్తంభం చూశాను. స్తంభం కింది సగం నీళ్లలో ఉన్నట్టు కదులుతోంది. వెయ్యి గజాలు కొట్టేవాళ్లు గాలిని చదివేది ఈ ఎండమావిలోనే. అలలు ఏ పక్కకి పారుతుంటే గాలి ఆ పక్కకి. నిటారుగా పైకి ఉడుకుతున్నట్టు ఉంటే గాలి లేనట్టు, లేదా సరిగ్గా ఎదురుగానో వెనక నుంచో వస్తున్నట్టు. గాలి బాగా పెరిగితే అలలు అణిగిపోయి అడ్డంగా పరుగెత్తుతాయి. నేను కన్ను ఆనించి ఇదంతా విప్పుకుంటుంటే, పక్కన కూర్చున్న గుమస్తా తుమ్మకొమ్మ వైపు చూసి, "పడమటి గాలండీ, ఇప్పుడే మళ్లింది" అన్నాడు. చిన్నప్పటి నుంచీ చేలో మందు కొట్టినవాడు. గాలి ఎటుందో తెలియకపోతే ఆ మందు మొహాన పడుతుంది.

మిల్నర్ కథ అప్పుడు పూర్తిగా చదివాను. 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐర్లండుకీ అమెరికాకీ 800, 900, 1000 గజాల పోటీ జరిగింది. ఐర్లండు జట్టులో ఈ మిల్నర్ ఉన్నాడు. ఒక దెబ్బ సరిగ్గా నడిమధ్యన కొట్టాడు. కాకపోతే తన టార్గెట్ మీద కాదు, పక్కవాడి టార్గెట్ మీద. దానికి సున్నా ఇచ్చారు. పోటీ అయ్యాక చూస్తే అమెరికాకి 934, ఐర్లండుకి 931. నడిమధ్యకి అప్పట్లో నాలుగు పాయింట్లు. ఆ నాలుగూ కలిస్తే గెలుపు ఐర్లండుదే. వేలమంది ముందు అంత పని చేసినవాడు ఇంటికెళ్లి తుపాకీ అటకెక్కించలేదు. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్లకి ఒలింపిక్ పతకం తీసుకున్నాడు. నేను ఆ చివరి రోజు ఒక్కటే చదివి నిద్ర మానుకున్నాను.

ఇప్పుడు కొట్టు వెనక గోడౌనులో 10 మీటర్లు కాలుస్తున్నాను. నామోషీ అనుకున్న గాలి తుపాకీతోనే. 4.5 మిల్లీమీటర్ల బోరు, ఇరవై జౌళ్ల లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు గుర్తింపు కాగితాలు ఇస్తే చాలు. పది మీటర్లేగా అని నవ్వేవాళ్లకి ఒక మాట. ఆ కాగితం మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే గుండు దానికంటే తొమ్మిది రెట్లు లావు. 300 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం 10 సెంటీమీటర్లుంటుంది. కోణం లెక్కన చూస్తే పది మీటర్ల చుక్కే ఇంకా చిన్నది. హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది ఈ పది మీటర్లలోనే. మన గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో పెరూలోని లీమాలో జూనియర్ ప్రపంచ పోటీల్లో బంగారు పతకాలు కొట్టింది పిస్టలుతో. వీళ్లెవరికీ .50 అవసరం పడలేదు.

నా గుళ్లు ఎక్కువగా ఆరు, ఏడు మీద పడతాయి. రోజూ పొద్దున కొట్టు తెరవకముందు కాసేపు గుండు పెట్టకుండా ఊరికే గురిచూసి నొక్కుతాను, మొన కదులుతుందేమో చూసుకుంటూ. ఇంకా కదులుతూనే ఉంది.

మా కాలనీ పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడి చూస్తుంటారు. వాళ్లకి నేర్పే అర్హత నాకు లేదు. పని తెలిసిన కోచ్ కావాలి, సరైన చోటు కావాలి. పురుగుమందుల డబ్బాల మధ్య పిల్లల్ని నిలబెట్టలేను. పల్నాడులో మిర్చి గోడౌన్లకి, పత్తి షెడ్లకి కొదవలేదు. పన్నెండు పదమూడు మీటర్ల పొడవు, గుళ్లు ఆగే వెనక అడ్డు, మంచి వెలుతురు, తాళం పడే ఒకే ఒక్క తలుపు ఉంటే చాలు. నరసరావుపేటలో గాని, గురజాలలో గాని, మాచర్లలో గాని ఎవరి దగ్గరన్నా అలాంటి షెడ్డు ఏడాదిలో సగం రోజులు ఖాళీగా పడి ఉంటే చెప్పండి. అద్దె మేం కొందరం కలిసి పెట్టుకుంటాం.